బావగారి ఫోన్, నీ ఫోన్, మధ్యలో పులస

ప్రశ్న: అన్నగారికి నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వయసు 29. రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. చేతికొచ్చేది 28 వేలు. 2018 నుంచి ఒకే కంపెనీ ఫోన్లు వాడుతున్నాను, ఇప్పటికి నాలుగు మార్చాను. కొత్త మోడల్ విడుదల ఉన్న రోజు ఎంత రాత్రయినా మేలుకుని లైవ్ చూస్తాను. మొన్న కనుమ నాడు భోజనాల దగ్గర మా బావగారు, అంటే మా అక్క భర్త, "నీ ఫోన్ ఫొటోలో మా అమ్మాయి మొహం మైదాపిండి పూసినట్టుందిరా, అంత డబ్బు పోసి ఇదా కొన్నావు" అన్నారు. ఆయనది వేరే కంపెనీ. 200 మెగాపిక్సెల్ అట. మాటా మాటా పెరిగి నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. అప్పటి నుంచి మాటల్లేవు. వచ్చే నెల అదే మేనకోడలికి ఓణీల ఫంక్షన్. ఇప్పుడున్న ఫోన్ రెండున్నరేళ్లది. సాయంత్రానికి చార్జింగ్ అయిపోతోంది, కొంచెం నెమ్మదించింది కూడా. మా కంపెనీ కొత్త మోడల్ 80 వేలు. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ ఉంది. లేదంటే వచ్చే నెల మా ఆవిడ చీటీ డబ్బు 60 వేలు వస్తుంది. ఆవిడేమో మోటారు కుట్టు మిషన్ కొనుక్కుంటానంటోంది. నన్ను కొనమంటారా, వద్దంటారా? ఒక ఫోన్‌ని ఏదో అంటే నాకు అంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నీ కంపెనీ పేరు ఆరుసార్లు రాశావు, బావగారి కంపెనీ పేరు రెండుసార్లు. మీ ఆవిడ పేరు ఒక్కసారి కూడా లేదు. కంపెనీల పేర్లు రెండూ నేనే కొట్టేశాను. కొట్టేసే ముందు సరదాకి ఒకదాని చోట ఇంకోటి పెట్టి చదివి చూశాను. ఎక్కడా అతకనట్టు అనిపించలేదు.

ముందు కోపం సంగతి చూద్దాం. ఫోన్ కొనాలా వద్దా అన్నది దాని వెనకాలే వస్తుంది.

మాది గోదావరి గట్టు పక్క ఊరు. వరదనీరు ఎర్రబడితే చాలు, అరుగుల మీద పులస తప్ప వేరే కబురుండదు. పుస్తెలమ్మైనా పులస తినాలి అని చెప్పుకునే నేల మనది. నా పదకొండో ఏట మా నాన్న సిద్ధాంతం అనే ఊరి వైపు వెళ్లి ఒక చేపని పట్టుకొచ్చాడు. ధరెంతో చెప్పలేదు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని, పొలుసు తీస్తూ ఒకసారి నాన్న మొహం చూసి, మళ్లీ తల దించుకుని పని చేసుకుంది. కట్టెల పొయ్యి మీద మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, సన్నసెగ మీద వండి, మర్నాటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మర్నాడు నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఎలా ఉంది?" అన్నాడు. తనకెలా ఉందో చెప్పలేదు చూశావా, మమ్మల్ని అడిగాడు. అద్భుతం అన్నాం. చిన్నాన్న ఒక్కడే "సముద్రం ఇలసలా ఉందన్నయ్యా" అన్నాడు. అంతే. ఆ వరదలు తీసేదాకా అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

పులస గొప్పతనం ఉత్తిదే అనడం లేదు. సముద్రంలో బతికే ఇలస గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదావరిలోకి వస్తుంది, మంచినీళ్లలోకి వచ్చాక దాని రుచి మారుతుంది, అప్పుడే దాన్ని పులస అంటాం. ఆ మార్పు నిజం. ఆ నిజం ఉండబట్టే దాని పేరు చెప్పి వేరే చేపని కూడా అమ్మగలుగుతున్నారు. నీ ఫోన్ సంగతీ అంతే. అందులో మంచి పనితనం ఉండే ఉంటుంది. కానీ బావగారు ఆ మాట అన్నప్పుడు నువ్వు ఫోన్ పనితనం గురించి ఆలోచించలేదు. "వీడు అంత డబ్బు పోసి మోసపోయాడు" అని ఆయన పదిమందిలో చెప్పినట్టు నీకు వినిపించింది. చిన్నాన్న మాట మా నాన్నకి వినిపించింది కూడా అలాగే.

దీని మీద చాలా పాత పరిశోధన ఒకటి ఉంది. 1956లో జాక్ బ్రెమ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు అమ్మాయిలకి టోస్టరు, కాఫీ మేకరు, రేడియో లాంటి ఇంటి వస్తువులు చూపించి, ఒక్కోటి ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నాడు. తర్వాత అందులోంచి రెండు చూపించి, ఒకటి ఎంచుకుని ఇంటికి పట్టుకెళ్లమన్నాడు. ఎంచుకున్నాక మళ్లీ మార్కులు వేయమంటే, తాము తీసుకున్నదానికి ముందుకంటే ఎక్కువ, వదిలేసినదానికి తక్కువ వేశారు. ఈ రెండింటి మధ్యలో టోస్టరేమీ మారలేదు కదా. ఊరికే ఇచ్చిన వస్తువుకే అలా ఉంటే, 28 వేల జీతంలోంచి నెలనెలా కోసి కట్టిన వస్తువుకి ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. నువ్వేం వింత మనిషివి కాదు. విస్తరి ముందు నుంచి లేవడం మాత్రం ఎక్కువే.

తణుకులో నేను పదిహేనేళ్లు సెల్‌ఫోన్ షాపు నడిపాను. కౌంటర్ ఇవతల కూర్చుంటే ఈ జబ్బు బాగా కనిపిస్తుంది. మొదట్లో నోకియా 1100 రోజులు. 2003లో వచ్చిన ఫోన్ అది. దుమ్ము పట్టని కీప్యాడ్, నెత్తిన టార్చిలైటు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. రాత్రిపూట చేలోకి మోటారు వేయడానికి వెళ్లే రైతుకి ఆ టార్చి ఎంత అక్కరకొచ్చేదో వేరే చెప్పక్కర్లేదు. "నోకియా తప్ప వేరేది చూపించకు" అని బల్ల గుద్ది చెప్పేవాళ్లు. 2007 జూన్ 29న అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికొచ్చింది. 2013 సెప్టెంబరుకల్లా నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కి అమ్మేస్తున్నానని చెప్పేసింది. ఆ వార్త వచ్చిన వారం నా షాపుకి ఒక్కడంటే ఒక్కడు దిగులుగా రాలేదు. బల్ల గుద్దినవాళ్లంతా అప్పటికే సిమ్ తీసి వేరే ఫోన్లలో వేసేసుకున్నారు.

వాళ్లని తప్పుపట్టను. మన రైతు బుద్ధే అది. నువ్వు పనిచేసే చోటే చూడు. ఒకప్పుడు రొయ్య అంటే టైగర్ రకమే. 90ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులు పోయాయి. 2009లో వనామీ అనే ఇంకో రకానికి అనుమతి వచ్చింది, మనవాళ్లు దానికి మారిపోయారు. టైగర్‌ని వదిలేశానని ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు, వనామీ వేసినవాడితో ఎవరూ మాటలు మానేయలేదు. అదే రైతు మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరిని దశాబ్దాల తరబడి వదల్లేదు. అక్కడ పట్టుకున్నదీ, ఇక్కడ వదిలేసిందీ ఒకే లెక్కతో. కోత కోశాక ఇంటికి ఎన్ని బస్తాలొచ్చాయి అన్నదే ఆ లెక్క. కొత్త విత్తనం వస్తే ముందు ఒక మడిలో వేసి చూస్తాడు తప్ప, విడుదల సభకి రాత్రంతా మేలుకుని చప్పట్లు కొట్టడు.

నాకే ఆ తెలివి లేకపోయింది. ఒక కంపెనీ (పేరెందుకులే) మీద గుడ్డి నమ్మకంతో, కస్టమర్లు వద్దంటున్నా, డిస్ట్రిబ్యూటర్ చెప్పిన స్కీముకి లొంగి అరవై పెట్టెలు ఒకేసారి దింపాను. నాలుగు నెలల్లో ఆ మోడల్ ఆగిపోయింది. వెనక్కి తీసుకోమంటే ఎవరూ ఫోన్ ఎత్తలేదు. సగం ధరకి పోయినవి పోగా ఇంకా రెండు మా అటక మీదున్నాయి. దసరాకి దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ "మీ చుట్టాలు క్షేమమేనండీ" అంటుంది.

ఇక ఫోన్ కంపెనీల వైరం సంగతి. నువ్వు అనుకుంటున్నంత వైరం వాటి మధ్య లేదు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కి తెర శామ్‌సంగ్ చేసిచ్చింది. ఐఫోన్ కెమెరాలో వెలుతురు పట్టే సెన్సర్ సోనీది. 2016లో ఆపిల్ ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం తీసేస్తే శామ్‌సంగ్ ప్రకటనల్లో ఎగతాళి చేసింది. 2019 ఆగస్టులో వచ్చిన దాని నోట్ 10 చూస్తే దానికీ ఆ రంధ్రం లేదు. 2020 అక్టోబరులో ఆపిల్ పెట్టెలోంచి చార్జర్ తీసేసింది. మళ్లీ అదే ఎగతాళి. మూడు నెలలు తిరిగేసరికి శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 21 పెట్టెలో కూడా చార్జర్ లేదు. నా షాపులో రియల్‌మీ గొప్పా, వన్‌ప్లస్ గొప్పా అని ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకునేదాకా వచ్చారు. రెండూ ఒప్పో గూట్లోంచి వచ్చినవే. రెడ్‌మీ, పోకోల కథ కూడా ఇంతే, రెండిటికీ తల్లి షియోమీ. 2018 అక్టోబరులో ఇటలీ అధికారులు, పాత ఫోన్లని నెమ్మదింపజేసే అప్‌డేట్లు ఇచ్చారని ఆపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు ఒకే రోజు జరిమానా వేశారు. కావాలని అలా చేయలేదని రెండు కంపెనీలూ వాదించాయనుకో. ఇలా జరిమానా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ల కోసం మీరిద్దరూ కనుమ నాడు ఒక బంతిలో కూర్చోలేకపోయారు. భీమవరం వాడివి, కోడిపందేల బరి తెలియనివాడివి కాదు. డేగ పుంజు గెలిచినా కాకి పుంజు గెలిచినా బరి పెట్టినవాడి వాటా వాడికి వెళ్లిపోతుంది.

ఇప్పుడు చేదు మాట. ఆ మైదాపిండి విషయంలో బావగారు చెప్పింది నిజమే అయ్యుంటుంది. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ అని ఒకటి మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. మొహం మీది మచ్చలు, గీతలు, చర్మం నేత అంతా చెరిపి నున్నగా చేసేస్తుంది. మనలాంటి చామనఛాయ మొహాల మీద అది తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని సున్నాకి తెచ్చేయి. పైసా ఖర్చు లేదు.

అలాగని బావగారి 200 మెగాపిక్సెల్‌కి దండం పెట్టక్కర్లేదు. పిక్సెల్ అంటే చుక్క. అంత చిన్న సెన్సర్ మీద అన్ని చుక్కలు ఇరికిస్తే ఒక్కో చుక్కకి అందే వెలుతురు తక్కువ. అందుకని ఫోనే పక్కపక్కన ఉన్న 16 చుక్కల్ని కలిపి ఒకటి చేస్తుంది. 200ని 16తో భాగించు. పన్నెండున్నర. మామూలుగా ఆయన తీసే ఫొటో అంతే ఉంటుంది. పూర్తి 200 కావాలంటే విడిగా ఆ మోడ్ పెట్టుకోవాలి, పగటి వెలుతురు ఉండాలి. ఇది ఆయనకి తెలియకపోవచ్చు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పకు.

కొనాలా వద్దా అన్నదానికి నా జవాబు, ఇప్పుడు వద్దు. నువ్వు రాసిన రెండు ఇబ్బందులూ, సాయంత్రానికి చార్జింగ్ అయిపోవడం, నెమ్మదించడం, ఫోన్ చచ్చిపోతోందనడానికి గుర్తులు కావు. బ్యాటరీ అరిగిందనడానికి గుర్తులు. లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 500 సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి దాని శక్తి 80 శాతం దగ్గరకి పడిపోతుందని చాలా ఫోన్లకి కంపెనీలే చెప్పే లెక్క. ఈమధ్య వచ్చిన కొన్నిటికి 1,000 సార్లు అంటున్నారు. రెండున్నరేళ్లంటే 900 రోజుల పైమాట. దానికితోడు వేడి. ఎండాకాలం మన ఊళ్లలో బండి ట్యాంకు కవర్లో ఫోన్ పెట్టి తిరిగితే బ్యాటరీ ఇంకా తొందరగా పోతుంది. బ్యాటరీ అరిగితే ఫోన్ నెమ్మదించడం కూడా ఉంటుంది. 2017 డిసెంబరులో ఆపిల్ స్వయంగా ఒప్పుకుంది, పాత బ్యాటరీ ఉన్న ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వేగం తగ్గిస్తున్నామని. గొడవయ్యాక బ్యాటరీ మార్చే ధరని 79 డాలర్ల నుంచి 29కి దించింది. మార్పించుకున్న చాలామందికి ఫోన్ మళ్లీ వేగం అందుకుంది. 2020లో ఆ కేసుని 50 కోట్ల డాలర్ల వరకు ఇచ్చి సర్దుకోవడానికి ఒప్పుకుంది. కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అసలు బ్యాటరీ వేయించు. బస్టాండు పక్కన చవగ్గా వేసేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. వాళ్లలో ఒకణ్ని కాబట్టే చెబుతున్నాను.

బ్యాటరీ మార్చాక ఒక్కటి చూడు. మీ కంపెనీ ఆ మోడల్‌కి ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోందా లేదా. ఫోన్‌లో బ్యాంకు ఉంది, ఫోన్‌పే ఉంది. అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో అవి వాడటం మంచిది కాదు. కొత్త ఫోన్ కొనడానికి నేను ఒప్పుకునే గట్టి కారణం అదే. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఏడేళ్లు ఇస్తామంటున్నాయి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో ఎస్ 24తో అలా మొదలుపెట్టాయి. రేపు నిజంగా కొనాల్సి వచ్చినప్పుడు లైవ్‌లో ఆ పెద్దమనిషి ఎన్నిసార్లు "అద్భుతం" అన్నాడో వదిలేసి, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తానన్నాడో చూడు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే డబ్బు చేతిలో పెట్టకముందే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు చూసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో సరిచూసుకో. దొంగ ఫోన్ అని ముందే బ్లాక్ చేయించి ఉంటే అక్కడ తెలిసిపోతుంది.

నో కాస్ట్ ఈఎంఐ అన్నావు. లెక్కలు రాసే నువ్వే ఆ మాట నమ్మితే ఎలా? 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు, సున్నా వడ్డీ అనేదే లేదని, అసలు వడ్డీని వేరేచోట దాచి చూపించొద్దని బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేదేంటంటే, నీకు రావాల్సిన డిస్కౌంట్ వడ్డీ కింద బ్యాంకుకి పోతుంది. 80 వేలు 24 నెలలంటే నెలకి 3,333. బ్యాంకు 15 శాతం వేసుకుందనుకో, అందులో 11 వేలకి పైగా వడ్డీయే. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నీ నెత్తినే పడుతుంది, అది ఇంకో రెండు వేలు. పైన ప్రాసెసింగ్ ఫీజు. ఇంతా చేసి రెండేళ్లకి వాయిదాలు తీరే వేళకి ఈ కొత్త ఫోన్ బ్యాటరీ కూడా సాయంత్రానికి అయిపోతూ ఉంటుంది. అప్పుడు నాకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తావు.

చీటీ డబ్బు గురించి ఎక్కువ మాటలు లేవు. అది నీది కాదు. ఆ మిషన్ మీద మీ ఆవిడ జాకెట్లు కుడుతుంది, ఫాల్స్ వేస్తుంది, ఊళ్లో పెళ్లిళ్ల సీజన్లో నాలుగు డబ్బులొస్తాయి. నీ కొత్త ఫోన్ ఏం సంపాదిస్తుందో నువ్వు ఉత్తరంలో రాయలేదు.

మా నాన్న పోయిన ఏడాది తర్వాత ఒకరోజు అమ్మ మాటల్లో ఆ చేప సంగతి బయటపెట్టింది. "మీ చిన్నాన్న అన్నదే నిజంరా, పొలుసు మీద చెయ్యి వేయగానే తెలిసింది నాకు." మరెందుకు చెప్పలేదే అంటే, "ఎలా చెబుతాను? నా గాజు ఒకటి తాకట్టు పెట్టి తెచ్చాడు. చేప కాదని చెబితే గాజు గురించి కూడా మాట్లాడాల్సొచ్చేది" అంది. ఆ గాజు విడిపించారా లేదా అని నేను అడగలేదు.

ఓణీల ఫంక్షన్‌కి ముందురోజే వెళ్లు. మేనమామవి, నువ్వు పెట్టాల్సినవి నువ్వే పెట్టాలి, పీటల దగ్గర నీకు బోలెడు పని ఉంటుంది. ఫొటోలు తీసే పని బావగారికి అప్పగించు. "బావా, నీ ఫోన్‌తో తీసి నాకు పంపు" అను. మిగతాది ఆయనే చూసుకుంటాడు. ఒకవేళ ఆయన "నీ ఫోన్ ఏమైందిరా" అని అడిగితే, సర్వీస్ సెంటర్‌లో ఉందని చెప్పు. బ్యాటరీ ఆ వారమే ఇస్తే అబద్ధం కూడా అవ్వదు.